ఎత్తుకుంటే మరుగుతారన్న మాట నిజం కాదు

పోయిన వారం మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో మా వదిన ఒక మెసేజ్ పెట్టారు. రెండు రోజులు తిరగకుండానే అదే మెసేజ్ అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ, నేను పనిచేసి రిటైరైన స్కూలు టీచర్ల గ్రూపులోనూ వచ్చింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది:

"బిడ్డ ఏడవగానే ఎత్తుకోకండి. ఏడుపు ఊపిరితిత్తులకు వ్యాయామం. ఎత్తుకుంటే మరిగి ఇక కింద పడుకోరు. ఎంతకీ ఆపకపోతే అది కడుపునొప్పి, గ్రైప్ వాటరో కడుపునొప్పి చుక్కలో పట్టండి. అప్పటికీ ఆపకపోతే తల్లిపాలు చాలడం లేదని అర్థం, డబ్బా పాలు మొదలుపెట్టండి. గట్టిగా ఊపితే త్వరగా నిద్రపోతారు. సాయంత్రం పూట ఏడిస్తే దిష్టి, సాంబ్రాణి పొగ వేయండి. మన పెద్దలు ఇలాగే పెంచారు. కనీసం పదిమంది తల్లులకు పంపండి."

చదివినవాళ్ళలో మా అమ్మాయి కూడా ఉంది. పురుటికి నా దగ్గరకే వచ్చింది, పాపకు ఇప్పుడు ఏడు వారాలు. రాత్రి రెండు గంటలకు పాపను భుజాన వేసుకుని హాల్లో తిరుగుతూ ఫోను నాకు చూపించి, "అమ్మా, ఎత్తుకుని ఎత్తుకుని నేనే దీన్ని పాడుచేశానా?" అని అడిగింది. ఆ ప్రశ్న విన్నాక ఊరుకోలేకపోయాను.

ఊరుకోలేకపోవడానికి ఇంకో కారణం ఉంది. 1992లో ఇదే అమ్మాయి రెండు నెలల పసిగుడ్డుగా ఉన్నప్పుడు, "ఎత్తుకోకు, మరుగుతుంది" అని ఇంట్లో పెద్దవాళ్ళు చెబితే నమ్మి తలుపు బయట నిలబడ్డాను. లోపల అది గుక్కపట్టి ఏడుస్తోంది. బయట నాకు పాలు చేపుకొచ్చి చీర తడిసిపోయింది. నా ఒళ్ళు చెబుతున్నది వినకుండా, ఎవరో చెప్పింది విన్నాను. వదినకు గానీ, ఆ రోజు నాకు చెప్పినవాళ్ళకు గానీ చెడ్డ ఉద్దేశం లేదు. కానీ మాట తప్పు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పినదాన్ని, చదివి తెలుసుకున్నది చెప్పకపోతే ఇంకో తల్లి ఇంకో తలుపు బయట నిలబడుతుంది.

అన్నిటికంటే ముందు, ఆ మెసేజ్‌లో ఎక్కడా లేని ఒక విషయం చెప్పాలి. పసిపిల్లల ఏడుపుకు ఒక వరస ఉంది. అమెరికాలో బెర్రీ బ్రేజెల్టన్ అనే పిల్లల డాక్టరు 80 మంది ఆరోగ్యమైన పసిపిల్లల ఏడుపును తల్లుల చేత రోజూ రాయించి, 1962లో ఆ లెక్కలు ప్రచురించాడు. రెండు వారాల వయసులో పిల్లలు రోజుకు సుమారు గంటా ముప్పావు ఏడ్చారు. ఆరో వారానికి అది రెండు గంటల ముప్పావుకు పెరిగింది. ఆ తర్వాత దిగడం మొదలుపెట్టి, మూడు నెలలు నిండేసరికి బాగా తగ్గింది. ఎక్కువ ఏడుపు సాయంత్రాలే. నెల తక్కువలో పుట్టిన బిడ్డకైతే ఈ ఆరు వారాలను పుట్టిన తేదీ నుంచి కాక, డాక్టరు ముందు ఇచ్చిన డెలివరీ తేదీ నుంచి లెక్కపెట్టుకోవాలి. కొంతమంది పిల్లలు ఇంతకంటే చాలా ఎక్కువ ఏడుస్తారు. రోజుకు 3 గంటలకు మించి, వారానికి 3 రోజులకు మించి, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఏడిస్తే దాన్ని కోలిక్ అంటారని 1954 నుంచీ డాక్టర్లు ఒక గుర్తు పెట్టుకున్నారు. అంటే మా పాప ఏడో వారంలో, సాయంత్రం ఆరు నుంచి రాత్రి దాకా ఏడవడం మా అమ్మాయి పెంపకంలో వచ్చిన లోపం కాదు. ఆ వయసుది.

ఇక మెసేజ్‌లోని మాటలు ఒక్కొక్కటే చూద్దాం.

"ఏడుపు ఊపిరితిత్తులకు వ్యాయామం." కాదు. పుట్టిన క్షణంలో ఏడుపు వేరు. అప్పుడు ఊపిరితిత్తుల్లో ఉన్న ద్రవం పోయి గాలి నిండాలి, అందుకే ఆ మొదటి ఏడుపు కోసం పురిటి గదిలో అందరూ చెవులు రిక్కించి చూస్తారు. ఆ పని ఆ రోజే అయిపోతుంది. ఆ తర్వాత ఊపిరితిత్తులు గాలి గదుల సంఖ్య పెంచుకుంటూ వాటంతట అవే పెరుగుతాయి. నవ్వినా నిద్రపోయినా పెరుగుతాయి. ఇది మన పెద్దల మాట అని మెసేజ్ అంటోంది గానీ, 1894లో న్యూయార్క్‌లో ఎమెట్ హోల్ట్ అనే డాక్టరు తల్లుల కోసం రాసిన పుస్తకంలో సరిగ్గా ఇదే ఉంది. ఏడుపు బిడ్డకు వ్యాయామమని, రోజుకు పావుగంట నుంచి అరగంట ఏడవడం మంచిదని రాశాడు. తర్వాత వచ్చిన వైద్యం ఆ మాటను వదిలేసింది.

"ఎత్తుకుంటే మరుగుతారు." నాకు అసలు బాధ ఈ మాటతోనే, కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుతాను.

మరగడం అంటే ఏమిటి? ఏడిస్తే ఎత్తుకుంటారని గుర్తుంచుకుని, కావాలని ఏడవడం. ఆరు వారాల బిడ్డకు అంత లెక్క వేసే బుర్ర ఇంకా లేదు. ఆకలి, తడి, చలి, నిద్ర, ఒంటరితనం అన్నీ ఆ ఒక్క గొంతులోంచే బయటికి రావాలి. మొదటి వారాల్లో కన్నీళ్ళు కూడా రావు, గమనించారా? గొంతు తప్ప ఇంకో దారి లేదు.

కెనడాలోని మాంట్రియల్‌లో హంజికర్, బార్ అనే ఇద్దరు 99 మంది తల్లీబిడ్డల మీద ఒక పరీక్ష చేసి 1986లో ప్రచురించారు. తల్లులను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టును, బిడ్డ ఏడ్చినా ఏడవకపోయినా రోజుకు కనీసం మూడు గంటలు అదనంగా ఎత్తుకోమన్నారు. రెండో జట్టును ఎత్తుకునే సమయం పెంచమనలేదు. ఆరో వారానికి, ఎక్కువ ఎత్తుకున్న పిల్లలు రెండో జట్టు కంటే 43 శాతం తక్కువ ఏడ్చారు. సాయంత్రాలైతే తేడా 51 శాతం. మరిగేదే నిజమైతే ఈ లెక్క తలకిందులుగా రావాలి కదా. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి ఇదీ చెబుతున్నాను: అప్పటికే విపరీతంగా ఏడుస్తున్న కోలిక్ పిల్లల్ని ఎక్కువసేపు ఎత్తుకుంటే ఏడుపు తగ్గుతుందా అని బార్ తర్వాత మళ్ళీ పరీక్షించాడు. పెద్దగా తగ్గలేదు. అంటే ఎత్తుకోవడం మంత్రం కాదు, ఎత్తుకున్నా ఏడ్చే పిల్లలు ఉంటారు. కానీ ఎత్తుకున్నందువల్ల ఏడుపు పెరగలేదు.

ఎత్తుకుని నడిస్తే ఎందుకు ఊరుకుంటారో కూడా ఇప్పుడు కొంత తెలిసింది. జపాన్‌లో రికెన్ అనే పరిశోధన సంస్థలో కుమి కురోడా బృందం 2013లో ఒక విషయం చూపించింది. తల్లి బిడ్డను ఎత్తుకుని కూర్చున్నప్పటి కంటే, ఎత్తుకుని నడిస్తే బిడ్డ గుండె వేగం వెంటనే తగ్గుతుంది, ఏడుపు ఆగుతుంది, కాళ్ళూచేతులూ ఆడించడం మానేస్తుంది. ఎలుక పిల్లల్లోనూ ఇంతే. పిల్లి తన కూనను మెడ దగ్గర పట్టుకుని తీసుకెళ్తుంటే ఆ కూన ముడుచుకుని కదలకుండా ఉండటం మనమందరం చూసిందే. తల్లి మోస్తున్నప్పుడు కదలకుండా ఉండటం బిడ్డ ఒంట్లోనే ఉంది, ఎవరూ మరిపించింది కాదు. 2022లో అదే బృందం ఇంకో సంగతి కూడా చెప్పింది. ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని ఆగకుండా 5 నిమిషాలు నడవాలి. నిద్రపోయాక వెంటనే పక్క మీద వేయకుండా ఇంకో 5 నుంచి 8 నిమిషాలు ఒళ్ళోనే ఉంచుకుని కూర్చోవాలి. ఆ తర్వాత దింపితే లేచే అవకాశం తక్కువ. మా ఇంట్లో ఇది పనికొచ్చింది. "పక్క మీద వేయగానే లేస్తోంది, మరిగింది" అని మేమనుకున్న రోజుల్లో, మేం నిద్ర ముదరకముందే దింపుతున్నామంతే.

ఆరు నెలలు దాటిన పిల్లలకు రాత్రి నిద్ర అలవాటు చేయడం వేరే సంగతి. దాని గురించి డాక్టర్లు చెప్పే పద్ధతులున్నాయి, అవి నేర్పినందువల్ల పిల్లలకు హాని జరగలేదని చూపిన పరీక్షలూ ఉన్నాయి. ఆ మాటలను తెచ్చి రెండు నెలల బిడ్డకు అంటగట్టకూడదు.

ఇంకొకటి. పిల్లల్ని ముద్దుచేయొద్దని, ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దని, పొద్దున్నే కరచాలనం చేస్తే చాలని 1928లో రాసినవాడు జాన్ వాట్సన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త. మన భాషలో చంకబిడ్డ ఉంది, చీర ఉయ్యాల ఉంది, జోల ఉంది, లాలి ఉంది. కూలికెళ్ళిన తల్లి చెట్టుకు జోలె కట్టి బిడ్డను వేసి, పక్క చాళ్ళో పని చేసుకుంటూ ఏడుపు వినగానే వచ్చేది. ఎత్తుకోకుండా పెంచడమే మన పద్ధతి అంటే నేను ఒప్పుకోను.

"ఎంతకీ ఆపకపోతే అది కడుపునొప్పి." కాళ్ళు ముడుచుకుని, పొట్ట గట్టిపడి, ముఖం ఎర్రబడితే మనకు వెంటనే కడుపునొప్పి అనిపిస్తుంది. పసిపిల్లలు ఏ కారణానికి ఏడ్చినా అలాగే కాళ్ళు ముడుస్తారు. ఏడుస్తూ గాలి మింగుతారు, దాంతో పొట్ట ఉబ్బుతుంది. చాలాసార్లు ఉబ్బరం వల్ల ఏడుపు కాదు, ఏడుపు వల్ల ఉబ్బరం.

గ్రైప్ వాటర్ కథ తెలుసుకోవలసినది. 1851లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ అనే మందుల వ్యాపారి దాన్ని తయారుచేశాడు. సోయికూర గింజల నూనె, వంటసోడా, చక్కెరతో పాటు అందులో 3.6 శాతం ఆల్కహాలు ఉండేది. పిల్లలు ఊరుకున్నారంటే ఆశ్చర్యం ఏముంది? తర్వాత ఆల్కహాలు తీసేశారు. ఇప్పటి గ్రైప్ వాటర్ కోలిక్ ఏడుపును తగ్గిస్తుందని గట్టిగా చూపిన పరీక్ష ఏదీ లేదు. తీపి నాలుకకు తగిలితే పసిపిల్లలు కొద్దిసేపు ఊరుకుంటారు, అంతవరకు నిజమే. కానీ ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ చిన్న పొట్టలో చెంచాడు తీపినీళ్ళు పోస్తే అంత మేరా పాలు తగ్గుతాయి, చెంచాతో పాటు క్రిములూ వెళ్తాయి.

చుక్కల మందుల సంగతి ఇంకా టెన్షన్ పెట్టేది. కడుపునొప్పి మందు కావాలని మందుల షాపులో అడిగితే ఇచ్చేవాటిలో కొన్నింట్లో డైసైక్లోమిన్ అనే మందు ఉంటుంది. ఆరు నెలల లోపు పిల్లలకు అది ఇవ్వకూడదు. ఊపిరి ఆగిపోవడం, ఫిట్స్, స్పృహ తప్పడం జరిగినట్టు 1980ల నుంచే నమోదై ఉంది. గ్యాస్‌కని ఇచ్చే సిమెథికోన్ చుక్కలకు అంత ప్రమాదం లేదు గానీ, మందు లేని ఉత్త చుక్కలతో పోల్చి చూసిన పరీక్షలో రెండూ ఒకేలా పనిచేశాయి. నిద్రపడుతుందని జలుబు మందు పట్టేవాళ్ళూ ఉన్నారు. వాటిలో కొన్నింట్లో ఉండే ప్రోమెథజీన్ అనే మందు రెండేళ్ళ లోపు పిల్లలకు నిషిద్ధం. దయచేసి ఇంట్లో ఉన్న సీసాల మీది చిన్న అక్షరాలు ఒకసారి చదవండి.

మెసేజ్‌లో లేకపోయినా కింద కామెంట్లలో వచ్చిన మూడింటి గురించి ఇక్కడే చెప్పేస్తాను. ఆముదం నోట్లో పోసినా, ముక్కులో నూనె చుక్క వేసినా అది ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. అలాంటి కేసులు మన దేశంలోనే పిల్లల డాక్టర్లు చాలా చూశారు. తేనె నాకించడం ఏడాది నిండేదాకా వద్దు, అందులో ఉండే బొట్యులిజం క్రిమి బీజాలు పసిపిల్లల పేగుల్లో మొలకెత్తి ఒంటిని చచ్చుబరుస్తాయి. పొట్ట మీద వాతలు పెట్టడం గురించి రాయాలంటేనే చెయ్యి వణుకుతోంది. అది వైద్యం కాదు, బిడ్డను కాల్చడం.

పొట్ట మీద గోరువెచ్చటి చేత్తో మెల్లగా రాయండి, పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు తెప్పించండి. పెద్దవాళ్ళు చెప్పినవాటిలో ఇవి బంగారం లాంటివి.

"తల్లిపాలు చాలడం లేదని అర్థం." బాలింత ముందు ఈ మాట అనేముందు రెండు లెక్కలు చూడండి. మొదటి వారం దాటిన బిడ్డ రోజుకు ఆరు, ఆపైన సార్లు ఉచ్చ పోస్తోందా? రెండు వారాలకు పుట్టినప్పటి బరువుకు చేరి, ఆ తర్వాత రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరుగుతోందా? ఈ రెండూ ఉంటే పాలు చాలుతున్నాయి. సాయంత్రాలు గంటకోసారి రొమ్ము అడగడం ఆ వయసు పిల్లలు చేసే పనే. తాగేకొద్దీ పాలు పడతాయి. ఆ సమయంలో డబ్బా పాలు పడితే బిడ్డ రొమ్ము తాగడం తగ్గిస్తుంది, దాంతో నిజంగానే పాలు తగ్గుతాయి. అప్పుడు "చూశావా, మేం చెప్పలేదూ" అంటారు. డబ్బా పాల ప్రకటనలను 1992లోనే చట్టం చేసి మన దేశంలో నిషేధించారు. ఆ చట్టం కంపెనీల నోరు మూయించింది, ఇప్పుడు అదే ప్రచారం మనవాళ్ళ ఫోన్లలోంచి ఉచితంగా జరుగుతోంది. డాక్టరు చూసి అవసరమని చెప్పిన బిడ్డకు డబ్బా పాలు పట్టడంలో ఏ తప్పూ లేదు, ఆ తల్లి సిగ్గుపడాల్సిందీ లేదు. ఏడుపు ఒక్కటే చూసి మొదలుపెట్టొద్దంటున్నాను.

"గట్టిగా ఊపితే త్వరగా నిద్రపోతారు." ఈ ఒక్క వాక్యం కోసమైనా ఆ మెసేజ్‌ను ఫోన్లలోంచి తీసేయాలి. పుట్టిన బిడ్డ పొడవులో నాలుగో వంతు తలే ఉంటుంది. మెడ నిలవదు. పట్టుకుని గట్టిగా కుదిపితే లోపల మెదడు కదిలి రక్తనాళాలు తెగుతాయి. చూపు పోవచ్చు, ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. ఉయ్యాల మెల్లగా ఊపడం, ఒళ్ళో జోకొట్టడం వల్ల ఇలా జరగదు. కోపంలో, విసుగులో కుదిపితే జరుగుతుంది. ఇలా దెబ్బతిన్న పిల్లల్లో ఎక్కువమంది ఏడుపు ఎక్కువగా ఉండే ఆ మొదటి నెలల వాళ్ళే. కుదిపినవాళ్ళందరూ రాక్షసులు కాదు, నిద్రలేక తూలిపోతున్న అమ్మానాన్నలే చాలామంది.

అందుకని, ఇప్పటిదాకా ఎత్తుకోమని చెప్పిన నేనే ఇప్పుడు దింపమని చెబుతున్నాను. పాలు పట్టారు, గుడ్డ మార్చారు, ఎత్తుకుని తిరిగారు, అయినా ఆగలేదు, మీ ఒంట్లో కోపం లేస్తోంది. అప్పుడు బిడ్డను చదునైన పక్క మీద, చుట్టూ దిండ్లూ దుప్పట్లూ లేకుండా, వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు దగ్గరికి వేసి పది నిమిషాలు బయటికి రండి. మంచినీళ్ళు తాగండి. ఎవరికైనా ఫోన్ చేయండి. అది బిడ్డను వదిలేయడం కాదు. నేను 1992లో నిలబడిన తలుపు, ఇది ఒకటి కాదు. అప్పుడు నాకు ఎత్తుకోవాలని ఉంది, ఎత్తుకోనివ్వలేదు. మొన్న ఒక రాత్రి మా అమ్మాయి పాపను నా చేతిలో పెట్టి, "అమ్మా, నా చేతులు వణుకుతున్నాయి, కాసేపు పట్టుకో" అంది. అడిగినందుకు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. అల్లుడికి కూడా అదే చెప్పాను: నీకు విసుగొస్తే దాచుకోకు బాబూ, ఇలా ఇచ్చేయ్.

శబ్దం గురించి చాలామంది అడుగుతున్నారు. ఫ్యాను హోరు, కుళాయి చప్పుడు లాంటి ఒకే తీరు శబ్దం పని చేస్తుంది. లండన్‌లో 1990లో చేసిన ఒక పరీక్షలో అలాంటి శబ్దం విన్న 20 మంది పసికందుల్లో 16 మంది ఐదు నిమిషాల్లో నిద్రపోయారు, వినని 20 మందిలో 5 మందే. కానీ ఫోనును ఫుల్ సౌండ్‌లో దిండు పక్కన పెట్టకండి. పిల్లల నిద్ర కోసం అమ్మే శబ్ద యంత్రాలు 14 తెచ్చి కెనడాలో కొలిస్తే, అడుగు దూరంలో మూడు 85 డెసిబెల్స్ దాటాయి. ఫ్యాక్టరీలో చెవులకు రక్షణ పెట్టుకోమనే స్థాయి అది. గదికి ఆ చివర, తక్కువ సౌండ్‌లో, నిద్ర పట్టేదాకా చాలు. మెత్తటి పాత చీర ముక్కలో చుట్టడమూ మంచిదే. చేతుల దగ్గర బిగువు ఉన్నా, నడుము కింద కాళ్ళు కప్పలా ముడుచుకునేంత వదులు ఉండాలి, లేకపోతే తుంటి కీలు జారుతుంది. బోర్లా పడటానికి ప్రయత్నం మొదలుపెట్టిన రోజు నుంచి చుట్టడం మానేయాలి.

"సాయంత్రం ఏడిస్తే దిష్టి." సాయంత్రం ఎందుకు ఏడుస్తారో పైనే చెప్పాను. ఉప్పు తిప్పి పడేస్తే పెద్దవాళ్ళ మనసు కుదుటపడుతుందంటే తీయండి, బిడ్డకు నష్టం లేదు. సాంబ్రాణి పొగ మాత్రం వద్దు. సన్నటి ఊపిరి గొట్టాల్లోకి ఏ పొగ వెళ్ళినా పొగే.

"మన పెద్దలు ఇలాగే పెంచారు." పెద్దలు పెంచినప్పుడు ఇంట్లో పది చేతులుండేవి. అమ్మమ్మ కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసేది, పిన్ని పొగచూరని చోట పడుకోబెట్టేది, మేనమామ భుజాన వేసుకుని వీధి చివరి దాకా తిప్పేవాడు. ఇప్పుడు రెండు గదుల ఫ్లాటులో ఒక్క తల్లి. ఆ చేతులు పోయిన సంగతి మెసేజ్ చెప్పదు, మందులూ పొగలూ మాత్రం గుర్తుచేస్తుంది. పైగా "మేమంతా బతికి బాగానే ఉన్నాం కదా" అనేవాళ్ళకు ఒక లెక్క. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది ఏడాది నిండకముందే పోయారు. 2020 నాటికి ఆ సంఖ్య 28. ఇది టీకాలు, ఆసుపత్రి కాన్పులు, మంచి తిండి, ఇలా ఎన్నో కలిసి తెచ్చిన మార్పు. కానీ ఆ 129 మంది ఈ రోజు ఏ గ్రూపులోనూ లేరు, వాళ్ళకు ఏం పట్టారో మనకు చెప్పలేరు.

వదినకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "మరి పదిమందికి పంపమన్నారు కదా, ఏం పంపను?" అని అడిగారు. ఇది పంపండి అన్నాను:

మూడు నెలల లోపు బిడ్డకు ఒంటి వేడి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరినా, పచ్చటి వాంతి అయినా, విరేచనంలో రక్తం కనిపించినా, పాలు తాగడం మానేసినా, ఉచ్చ తగ్గిపోయినా, మాడు ఉబ్బినా, ఎప్పుడూ లేనిది కీచుమని సన్నగా ఏడుస్తున్నా, ఏడవలేక మగతగా పడి ఉన్నా, గజ్జల్లో గట్టి వాపు కనిపించినా అది మామూలు ఏడుపు కాదు. ఎత్తుకున్నా ఊరుకోని బిడ్డ బట్టలన్నీ విప్పి, వేళ్ళ చుట్టూ వెంట్రుకో దారమో చుట్టుకుందేమో కూడా చూడండి, తల్లి జుట్టు రాలే రోజుల్లో ఇది జరుగుతుంది. పైన చెప్పినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంట్లో ఏమీ పట్టకండి. అర్ధరాత్రయినా సరే, తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేసో, ఆటో పిలుచుకునో ఆసుపత్రికి బయల్దేరండి.